ముందిల్లు, వెనకిల్లు: ప్రిన్సెన్‌గ్రాక్ట్ 263 నిర్మాణం, దాని మార్పులు

అన్నే ఫ్రాంక్ డైరీ 1947 జూన్ 25న మొదటిసారి డచ్చి భాషలో అచ్చయినప్పుడు దానికి ఉన్న పేరు ‘హెట్ అఖ్టర్‌హౌస్’. ఆ మాటకు ‘వెనకిల్లు’ అని అర్థం. తన రాతలు ఎప్పటికైనా పుస్తకంగా వస్తే ఆ పేరే పెట్టాలని అన్నే అనుకుంది. మనకు ఆ డైరీ ఇంగ్లీషు మీదుగా చేరింది కాబట్టి ‘రహస్య స్థావరం’, ‘రహస్య గది’ అన్న మాటలే అలవాటయ్యాయి. కానీ మూలంలోని మాటలో రహస్యం ఊసే లేదు. ఆమ్‌స్టర్‌డామ్ కాలువల ఒడ్డున ఒకే స్థలంలో ముందొక ఇల్లు, వెనకొక ఇల్లు, రెండింటి నడుమ ఆకాశం కనిపించే కొద్దిపాటి ఖాళీ జాగా ఉంటే, ఆ వెనక ఉన్నదాన్ని అందరూ పిలిచే మామూలు పేరు అది.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నాజీల నుంచి దాక్కున్న ఎనిమిది మంది యూదులు, అన్నే కుటుంబంతో సహా, అక్కడ రెండేళ్లకు పైగా ఎవరి కంటా పడకుండా ఉండగలిగారంటే అందుకు వారి తెగువ, వారికి అన్నం పెట్టి కాపాడిన, అన్నే తండ్రి సంస్థలోని ఉద్యోగుల ధైర్యం ప్రధాన కారణాలు. ఆ మాట మొదటే చెప్పుకోవాలి. అయితే ఆ ధైర్యానికి చోటిచ్చిన కట్టడాన్ని గురించి చాలా తక్కువగా రాశారు. ప్రిన్సెన్‌గ్రాక్ట్ కాలువ మీద 263వ నంబరు ఇల్లు 1635లో కట్టింది. అప్పటి నుంచి అది నివాసంగా, గోదాముగా, గుర్రాలశాలగా, కార్యాలయంగా, చివరికి మ్యూజియంగా మారుతూ వచ్చింది. దాక్కోవడానికి ఆ ఇల్లు పనికొచ్చింది దాని తొలి నిర్మాణం ఒక్కదాని వల్లే కాదు. ఆ తర్వాత ఎవరెవరో తమ తమ అవసరాలకు చేసుకున్న మార్పుల వల్ల కూడా.

ఆ కాలువల వరుస ఎలా వచ్చిందో చూస్తే ఇంటి ఆకారం అర్థమవుతుంది. 1613లో ఆమ్‌స్టర్‌డామ్ నగరం తన పడమటి వైపున హెరెన్‌గ్రాక్ట్, కైజర్స్‌గ్రాక్ట్, ప్రిన్సెన్‌గ్రాక్ట్ అనే మూడు కాలువలను ఒకదాని పక్కన ఒకటిగా తవ్వించడం మొదలుపెట్టింది. లోపలి రెండు కాలువల ఒడ్డున పెద్ద వర్తకుల భవనాలు లేచాయి. అన్నిటికన్నా బయట ఉన్న ప్రిన్సెన్‌గ్రాక్ట్ మీద గోదాములు, చిన్న వర్తకుల ఇళ్లు, పనివారి దుకాణాలు ఎక్కువ. దానికి అవతలి ఒడ్డున చేతిపనివారి పేట యోర్డాన్ ఉంది. 263వ నంబరుకు కొద్ది అడుగుల దూరంలో ఉన్న వెస్టర్‌కెర్క్ చర్చి 1631లో పూర్తయింది, దాని గోపురం 1638లో లేచింది. అంటే ఈ ఇల్లు ఆ రెండింటి నడుమ, ఆ పేట ఇంకా కట్టుబడిలో ఉన్న రోజుల్లో వెలసింది. తత్వవేత్త డెకార్ట్ 1634లో ఆ చర్చి పక్క వీధిలోనే అద్దెకున్నాడు. ఈ కాలువల వలయాన్ని 2010లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఆ నగరం ఆ రోజుల్లో అంత వేగంగా పెరగడానికి సముద్ర వర్తకమే ఇంధనం. అందులో తెలుగు తీరానికీ వాటా ఉంది. 17వ శతాబ్ది తొలి దశకంలోనే డచ్చి ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టుకుంది. తర్వాతి కాలంలో పాలకొల్లు, భీమునిపట్నాలకూ విస్తరించింది. ఆమ్‌స్టర్‌డామ్ రేవుకు చేరిన సరుకుల్లో మన తీరపు నేతవస్త్రాలు, అద్దకపు బట్టలు ఉండేవి. ఆ కాలువ ఒడ్డు ఇళ్ల నిర్మాణానికి పెట్టుబడి ఏయే దేశాల చెమట నుంచి వచ్చిందో చెప్పుకునేటప్పుడు ఈ సంగతి వదిలిపెట్టడం న్యాయం కాదు.

కాలువ ముఖం అన్నిటికన్నా విలువైనది. పడవ వచ్చి ఆగేది అక్కడే, సరుకు దిగేది అక్కడే. అందుకని స్థలాలను ముఖం వైపు ఇరుకుగా, లోపలికి బారుగా విడగొట్టి అమ్మారు. అలాంటి స్థలంలో ఇల్లు కట్టేవారికి ఎదురయ్యే మొదటి చిక్కు నేల. ఆమ్‌స్టర్‌డామ్ బురద నేల మీద, పీట్ అనే కుళ్లిన మొక్కల మెత్తటి పొరల మీద ఉంది. బరువు మోయగల ఇసుక పొర సుమారు 12 మీటర్ల లోతున తగులుతుంది. అందుకే మాను దుంగలను ఆ ఇసుక దాకా దిగగొట్టి, వాటి తలల మీద చెక్కలు పరిచి, ఆ పైన ఇటుక గోడలు లేపేవారు. అదే శతాబ్దంలో డామ్ కూడలిలో కట్టిన నగర సభాభవనం కింద 13,659 దుంగలు ఉన్నాయని లెక్క చెబుతారు. దుంగ తల నీటిమట్టానికి కిందనే ఉన్నంత కాలం చెక్క చెడదు; నీరు తగ్గి గాలి సోకితే పుచ్చిపోతుంది. కాలువల్లో నీటిమట్టాన్ని ఆ నగరం అంత జాగ్రత్తగా కాపాడుకోవడం వెనక, పడవల రాకపోకలతో పాటు ఈ పునాదుల భయం కూడా ఉంది.

రెండో చిక్కు బరువు, నిప్పు. 1452లో నగరంలో చాలా భాగాన్ని కాల్చిన అగ్నిప్రమాదం తర్వాత కొయ్య గోడల స్థానంలో క్రమంగా ఇటుక గోడలు వచ్చాయి. కాలువ ఇంట్లో దూలాలు ఒక పక్క గోడ నుంచి ఎదుటి పక్క గోడకు అడ్డంగా ఆనుతాయి. అంతస్తుల బరువంతా ఆ రెండు పక్క గోడల మీదే పడుతుంది. వీధి వైపు గోడ మాత్రం దాదాపు తెర లాంటిది. తన బరువు తాను మోసుకుంటూ, ఇనుప కొక్కేలతో దూలాలకు పట్టుకుని నిలబడుతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే ఆ నగర నిర్మాణ చరిత్ర సగం అర్థమవుతుంది. బరువు మోయని గోడ కాబట్టి దానికి పెద్ద పెద్ద కిటికీలు పెట్టవచ్చు. ఇంటిని కదపకుండా ఆ గోడను మాత్రం విప్పేసి, కొత్త కాలపు మోజుకు తగినట్టు మళ్లీ కట్టుకోవచ్చు. ఒకనాటి మెట్ల ఆకారపు శిఖరాలు పోయి మెడ ఆకారంవి, గంట ఆకారంవి, ఆ తర్వాత నిటారు అంచువి ఎందుకంత సులువుగా వచ్చాయో దీన్నిబట్టి తెలుస్తుంది. అందువల్ల కాలువ ఒడ్డున నిలబడి ముఖాన్ని చూసి ఇంటి వయసు చెప్పబోతే పొరపాటు పడే అవకాశం చాలా ఎక్కువ.

మూడోది వెలుతురు. ఇరుకైన బారు స్థలంలో రెండు పక్కలా పొరుగిళ్ల గోడలే కాబట్టి కిటికీలకు చోటు ముందూ వెనకా మాత్రమే. ఇల్లు లోపలికి పోయిన కొద్దీ మధ్య గదులు చీకటి కొట్లు అవుతాయి. అందుకు కనిపెట్టిన ఉపాయమే ఇంటిని రెండుగా చీల్చి, నడుమ ఆకాశం వైపు తెరిచిన జాగా వదిలి, ఒక అంచున సన్నటి నడవతో రెండింటినీ కలపడం. మన కోస్తా మండువా లోగిలి కూడా ఇంటి నడిమధ్యకు వెలుతురును పైనుంచి దింపుకుంటుంది. అయితే మండువాలో ఆ ఖాళీ చుట్టూ ఇంటిల్లిపాదీ తిరుగుతారు. అది ఇంటికి గుండెకాయ. కాలువ ఇంట్లో మాత్రం ఆ ఖాళీ వేరుచేసే పని చేస్తుంది. ముందిల్లు వీధికీ వర్తకానికీ, వెనకిల్లు నిశ్శబ్దానికీ చెందుతాయి. వాటిని కలిపే నడవ ఒక్కటే. ఆ నడవ చివర తలుపు మూస్తే వెనకిల్లు వేరే ఇల్లే.

ఇక మెట్లు. స్థలం మిగుల్చుకోవడానికి వాటిని నిచ్చెనల్లా నిటారుగా, సన్నగా కట్టారు. వాటి మీదుగా బీరువానో మూటనో మోసుకెళ్లడం కుదరదు. అందుకే శిఖరం నుంచి ఒక దూలాన్ని వీధి వైపు బయటకు పొడిగించి, దానికి గిలక తగిలించి, సామాను కిటికీల గుండా పైకి లాగుతారు. పైకి పోయే మూట గోడకు రాసుకోకుండా ముఖగోడను కొద్దిగా ముందుకు వంచి కట్టే అలవాటూ ఉంది. పై అంతస్తులు, అటకలు సరుకు నిల్వకు వాడుకోవడం మామూలు. కాబట్టి ‘ఇల్లు’, ‘గోదాము’ అన్న తేడా ఆ ఊళ్లో మొదటి నుంచీ పలుచనిదే. 263వ నంబరు ఇల్లు కాలక్రమంలో ఒకదాన్నుంచి మరొకదానికి మారిపోవడంలో వింత లేదు.

1635లో ఆ ఇంటిని కట్టించినవాడు డిర్క్ వాన్ డెల్ఫ్ట్. ఈనాడు కాలువ వైపు నుంచి కనిపించే ముఖం మాత్రం ఆయన నాటిది కాదు. 1739, 1740ల్లో జరిగిన పెద్ద మార్పులో ఆ ముఖాన్ని కొత్తగా కట్టారు. అదే సమయంలో పాత వెనకింటిని పూర్తిగా కూల్చి, దాని చోట ఇంకా ఎత్తైన కొత్త వెనకింటిని లేపారు. రెండు పనులూ ఒకే ఇంట్లో ఒకే సమయంలో జరిగినా వాటి స్వభావం వేరు. ముఖం మార్చడం ఊరి కోసం చేసిన పని. వెనకిల్లు మార్చడం చోటు కోసం చేసిన పని; అది వీధిలో పోయేవారికి కనిపించదు. ముందిల్లు దానికి అడ్డం, రెండు పక్కలా పొరుగిళ్లు అడ్డం. వెనక వైపు మాత్రం కైజర్స్‌గ్రాక్ట్ ఇళ్ల పెరళ్లు, వాటి వెనక కిటికీలు కనిపిస్తాయి. చుట్టూ ఇళ్లు కమ్ముకుని మధ్యలో తోటలున్న ఆ ఆవరణలో, కాలువ ఒడ్డు నుంచి ఊహించడానికి కూడా వీలు లేని చోట, కొన్ని అంతస్తుల అదనపు గదులు లేచి నిలబడ్డాయి. రెండు శతాబ్దాల తర్వాత ఎనిమిది మంది తలదాచుకున్నది డిర్క్ వాన్ డెల్ఫ్ట్ కట్టించిన గదుల్లో కాదు, 1739 నాటి ఈ మార్పు ఇచ్చిన గదుల్లో. ఆ పాత పొట్టి వెనకిల్లే మిగిలి ఉంటే అంత చోటు దొరికేది కాదు.

ఆ నగరంలో ముఖం ఒకటి చెబుతూ వెనక మరొకటి దాచిన ఇల్లు ఇదొక్కటే కాదు. 1578లో నగరపాలన ప్రొటెస్టెంట్ల చేతికి వచ్చాక క్యాథలిక్కుల బహిరంగ పూజలను నిషేధించారు. యాన్ హార్ట్‌మన్ అనే క్యాథలిక్ వర్తకుడు 1661లో ఔడెజైడ్స్ ఫోర్‌బర్గ్‌వాల్ కాలువ మీద ఒక ఇంటిని, దాని వెనక ఉన్న రెండు ఇళ్లతో సహా కొని, మూడింటి అటకలను ఒకటిగా కలిపి 1663 నాటికి అక్కడ ఒక చర్చినే ఏర్పాటు చేశాడు. పై అంతస్తు నేలలను నడిమికి కోసి, మిగిలిన అంచులను గ్యాలరీలుగా మలిచారు. వీధికి అది మామూలు వర్తకుని ఇల్లు. 1887లో సెయింట్ నికొలస్ చర్చి వచ్చేదాకా అక్కడ ప్రార్థనలు సాగాయి. మరుసటి ఏడాది అది మ్యూజియం అయింది. అయితే ఈ రెండు ఇళ్లనూ ఒకే గాటన కట్టకూడదు. అటక చర్చి సంగతి అధికారులకు తెలుసు. పైకి కనిపించనంత కాలం చూసీ చూడనట్టు ఊరుకున్నారు. ప్రిన్సెన్‌గ్రాక్ట్ వెనకింటి సంగతి బయటపడ్డాక ఆ ఎనిమిది మందినీ మృత్యుశిబిరాలకు పంపించారు. వాస్తుశిల్పం రెండుచోట్లా చేసిన పని ఒకటే. దాని చుట్టూ ఉన్న రాజ్యం వేరు.

19వ శతాబ్దంలో 263వ నంబరు నివాసంగా మిగలలేదు. గోదాముగా మారిన నేల అంతస్తుకు గుర్రపుశాలకు ఉండేటంత వెడల్పు తలుపులు వచ్చాయి, లోపల గుర్రాలను కట్టేశారు. 20వ శతాబ్ది మొదట్లో గృహోపకరణాలు తయారుచేసే సంస్థ ఒకటి వచ్చింది. 1930 నుంచి స్వయంగా మోగే పియానోలకు కావలసిన కాగితపు చుట్టలు తయారుచేసేవారు ఉండి, 1939 నాటికి ఖాళీ చేశారు. జామ్ గట్టిపడడానికి వాడే పెక్టిన్‌ను, దానితో పాటు మసాలా దినుసులను అమ్మే తన వ్యాపారాన్ని అన్నే తండ్రి ఒట్టో ఫ్రాంక్ 1940 డిసెంబరు 1న సింగెల్ కాలువ మీది 400వ నంబరు నుంచి ఇక్కడికి మార్చాడు. అప్పటికి ఆ ఇంటికి మూడు వందల ఏళ్లు. ఎవరి అవసరానికి వారు గోడలు అడ్డం పెట్టుకుని, తలుపులు కొట్టుకుని, నేలలు ఎత్తుపల్లాలుగా వదిలిన కట్టడం అది. కొత్తగా వచ్చిన మనిషికి దాని లోపలి దారులు ఒకపట్టాన అంతుపట్టవు.

ఆ దారులను అన్నే తన డైరీలో గది తర్వాత గదిగా, తలుపు తర్వాత తలుపుగా వర్ణించింది. పదమూడేళ్ల పిల్ల రాసిన ఆ వర్ణన ఒక సర్వేయర్ నివేదికంత స్పష్టంగా ఉంటుంది. దాని ప్రకారం నేల అంతస్తంతా గోదాము: దినుసులు దంచే, పొడిచేసే యంత్రాలు, సరుకు కట్టే గది అక్కడ. గోదాము తలుపుల పక్కనే కార్యాలయానికి వేరే వీధి తలుపు. లోపల మరో తలుపు, మెట్లు, మెట్ల పైన మసక అద్దం బిగించిన ఇంకో తలుపు. మొదటి అంతస్తులో వీధి వైపు గుమాస్తాల పెద్ద గది, దాని వెనక చీకటిగా ఉండే చిన్న గది. అక్కడి నుంచి పొడవాటి నడవ. దాని చివర నాలుగు మెట్లు ఎక్కితే యజమాని సొంత కార్యాలయం, పక్కన వంటిల్లు. ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఆ నాలుగు మెట్లు ఎక్కిన మనిషి అప్పటికే వెనకింట్లోకి వచ్చేశాడు. అంటే వెనకిల్లు మొత్తం రహస్యం కాదు. దాని కింది అంతస్తులు వ్యాపారానికే వాడుకలో ఉన్నాయి. దాక్కున్నది వాటి పైన.

నడవలోంచి మరో కొయ్యమెట్ల దారి రెండో అంతస్తుకు పోతుంది. అక్కడ చిన్న చప్టా. ఎడమ వైపు తలుపు తీస్తే ముందింటిలోని దినుసుల నిల్వగది, కుడి వైపు బూడిదరంగు మామూలు తలుపు. ముందింటి నుంచి నేరుగా వీధిలోకి దిగే, కాలు మడతపడేటంత నిటారు మెట్ల దారి ఇంకొకటి ఉంది. ఆ బూడిదరంగు తలుపు వెనక అన్ని గదులున్నాయని ఎవరికీ తట్టదు. లోపల ఒక అంతస్తులో ఫ్రాంక్ కుటుంబానికి రెండు గదులు, కిటికీ లేని కడుగుగది, మరుగుదొడ్డి. పై అంతస్తులో, వారితో పాటు దాక్కున్న వాన్ పెల్స్ దంపతుల పెద్ద గది, వారి కొడుకు పీటర్ పడుకునే ఇరుకు గది, ఆ పైన అటక. పగలు అందరూ చేరేదీ వండుకునేదీ పెద్ద గదిలోనే. అక్కడ గ్యాస్ పొయ్యి, నీటి తొట్టి ముందే ఉన్నాయి. ఎందుకంటే అది అంతకు ముందు సంస్థ ప్రయోగశాల. వ్యాపారం కోసం చేసుకున్న ఆ చిన్న మార్పు ఎనిమిది మందికి అన్నం వండుకునే పొయ్యి అయింది.

ఫ్రాంక్ కుటుంబం 1942 జూలై 6న, వాన్ పెల్స్ కుటుంబం వారం తర్వాత, ఎనిమిదో వ్యక్తి ఫ్రిట్జ్ ఫెఫర్ నవంబరు 16న అక్కడికి చేరారు. ఆ తర్వాత ఇంటికి జరిగిన మార్పులన్నీ చేతిలో ఉన్న వస్తువులతో చేసినవే. మొదటి రోజే అన్నే, ఆమె తండ్రి గుడ్డముక్కలు కుట్టి కిటికీలకు తెరలు కట్టారు. వెనక ఇళ్ల కిటికీల నుంచి చూపు పడే ప్రమాదం అక్కడే ఎక్కువ. అన్నిటికన్నా ముఖ్యమైన మార్పు ఆగస్టులో వచ్చింది. దాచిపెట్టిన సైకిళ్ల కోసం జర్మన్లు ఇళ్లు సోదా చేస్తున్నారని విని, ఆ బూడిదరంగు తలుపుకు అడ్డంగా ఒక పుస్తకాల బీరువా ఉండాలని సంస్థ ఉద్యోగి విక్టర్ కూగ్లర్ ఆలోచించాడు. గోదాములో పనిచేసే యోహాన్ ఫోస్కౌల్ దాన్ని తయారుచేశాడు. బీరువా ఒక పక్కన మడతబందుల మీద తలుపులా తెరుచుకుంటుంది. అరల్లో కార్యాలయపు ఫైళ్లు పేర్చి ఉంటాయి.

దాన్ని బిగించడానికి తలుపు ముందున్న మెట్టు తీసేయవలసి వచ్చింది. దాంతో వెనకింటి నుంచి కిందికి దిగాలంటే మొదట తల వంచి, తర్వాత దూకాలి. మూడు రోజుల్లో అందరి నుదుళ్లూ బొప్పి కట్టాయి. అప్పుడు పీటర్ ఒక గుడ్డలో రంపపు పొట్టు నింపి ద్వారబంధం పైకొమ్ముకు మేకులతో కొట్టాడు. ఒక కట్టడంలో చేసిన ప్రతి మార్పూ మరో మార్పును వెంటబెట్టుకొస్తుందనడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు. సోదా భయం బీరువాను తెచ్చింది, బీరువా మెట్టును మింగింది, మెట్టు పోవడం నుదుటి మీద బొప్పిగా తేలింది, బొప్పి రంపపు పొట్టు మూటను తెచ్చింది.

కంటికి కనిపించకుండా దాచగలిగిన ఆ ఇల్లు చెవికి వినిపించకుండా దాచలేకపోయింది. కొయ్య దూలాలు, కొయ్య నేలలు అడుగు చప్పుడును కింది అంతస్తుకు మోస్తాయి. నీటి గొట్టాలు గోడల వెంట కిందికి దిగుతాయి. పైన నీళ్లు వదిలితే కింద గోదాములో వినిపిస్తుంది. గోదాము పనివారిలో రహస్యం తెలియనివారూ ఉన్నారు. అందుకే పని వేళల్లో చెప్పులు వేసుకోకుండా, నీళ్లు వదలకుండా గడపవలసి వచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరులో, చలికాలంలో గడ్డకట్టకుండా ఉండాలని కార్యాలయపు మరుగుదొడ్డి గొట్టాలను నడవలోకి మార్చడానికి పనివాడు వస్తే, అతను ఉన్నంతసేపూ పైన ఎవరూ నీళ్లు వాడలేదు. 1943 ఫిబ్రవరిలో మరీ పెద్ద గండం వచ్చింది. ఇంటి యజమాని ఎవరికీ చెప్పకుండా ఇంటిని అమ్మేశాడు. కొన్న మనిషి ఒక ఆర్కిటెక్టును వెంటబెట్టుకుని చూడ్డానికి వచ్చాడు. సంస్థ ఉద్యోగి యోహానెస్ క్లైమన్ వారికి వెనకింటి పై భాగం తప్ప మిగతాదంతా చూపించి, ఆ తాళం చెవి ఇంట్లో మరిచిపోయానని చెప్పాడు. కొత్త యజమాని మరి అడగలేదు. పాత కాలువ ఇళ్లలో తాళం పడి ఉన్న వెనక గదులు ఉండడం మామూలు విషయం కావడం ఆ రోజు ఎనిమిది ప్రాణాలను నిలబెట్టింది.

1944 ఆగస్టు 4న వారిని పట్టుకున్నారు. తర్వాత వెనకింట్లోని సామానంతా తరలించుకుపోయారు. ఎనిమిది మందిలో తిరిగి వచ్చినవాడు ఒట్టో ఫ్రాంక్ ఒక్కడే.

యుద్ధం తర్వాత ఆ ఇల్లు మళ్లీ మామూలు పాత ఇల్లే అయింది. 1950ల మధ్యకు వచ్చేసరికి అది బాగా శిథిలమైంది. బెర్గ్‌హౌస్ అనే దుస్తుల సంస్థ ఆ వరుస ఇళ్లను కొని, కూల్చి, కొత్త భవనం కట్టాలనుకుంది. అప్పటి నగరాల ఆలోచనలో అది అసాధారణమేమీ కాదు. పాత ఇటుక ఇళ్ల కంటే కొత్త భవనానికే విలువ. 1955లో హెట్ ఫ్రై ఫోల్క్ పత్రిక ఈ కూల్చివేతను బయటపెట్టి ఉద్యమం నడిపింది. నిరసన పెరిగింది. 1957 మే 3న అన్నే ఫ్రాంక్ ఫౌండేషన్ ఏర్పడింది. అదే ఏడాది బెర్గ్‌హౌస్ సంస్థ ఆ ఇంటిని ఫౌండేషన్‌కు దానంగా ఇచ్చింది. పోగైన విరాళాలతో పక్కనున్న ఇళ్లనూ తీసుకున్నారు. 1960 మే 3న ఇల్లు ప్రజలకు తెరుచుకుంది. మొదటి ఏడాది సుమారు 9,000 మంది వచ్చారు.

అప్పుడు జరిగిన మరమ్మతులు జాగ్రత్తగా పరిశీలించవలసినవి. వెనకింటిని ఉన్నది ఉన్నట్టు ఉంచారు. ముందింటి లోపలి గదులను మాత్రం ప్రదర్శనలకు, సమావేశాలకు వీలుగా మార్చేశారు. అంటే కాపాడడం పేరుతోనే ఇంట్లో సగం తన పాత రూపు కోల్పోయింది. ఆ రోజుల్లో చరిత్ర అంటే వెనకిల్లే అనుకున్నారు. ముందిల్లు లోపలికి పోవడానికి దారి మాత్రమే. కానీ గుమాస్తాల గది, దినుసుల నిల్వగది, ఆ నడవ లేకుండా వెనకిల్లు అర్థం కాదు. దాక్కున్నవారికి కూరగాయలు, పుస్తకాలు, వార్తలు చేరింది ఆ ముందింటి గుండానే. వారిని కాపాడిన ఉద్యోగులు మీప్ గీస్, బెప్ ఫోస్కౌల్, క్లైమన్, కూగ్లర్ రోజూ పనిచేసింది అక్కడే. కాపాడినవారి చోటును మరిచి దాక్కున్నవారి చోటును మాత్రమే నిలపడం ఇంటిని సగానికి నరకడమే.

ఈ లోపాన్ని 1999లో సరిచేశారు. మ్యూజియానికి కావలసిన ప్రదర్శనశాల, కార్యాలయాలు, ఫలహారశాల అన్నిటినీ బెంతెమ్ క్రావెల్ సంస్థ రూపొందించిన పక్క భవనంలోకి తరలించి, ముందింటిని 1940ల నాటి కార్యాలయ రూపానికి తెచ్చారు. ఆ ఏడాది సెప్టెంబరు 28న రాణి బియాట్రిక్స్ దాన్ని ప్రారంభించింది. నిర్మాణ పరిరక్షణ దృష్టితో చూస్తే ఇందులో ఒక ఇబ్బంది ఉంది. వెనకింటి గోడలు అసలువి. ముందింటి గదుల్లో చాలా భాగం ఆధారాలను బట్టి తిరిగి చేసినవి. రెండూ ఒకే గడప కింద కలిసి ఉన్నప్పుడు చూసేవారికి ఆ తేడా చెప్పి తీరాలి. అయినా ఆ పని చేసి ఉండవలసింది కాదనడం కష్టం. మూడున్నర శతాబ్దాల్లో 1635 నాటి రూపు, 1740 నాటి రూపు, గుర్రాలశాల రూపు ఉన్న ఇంటిని ఏ తేదీకి తీసుకెళ్లాలన్న ప్రశ్నకు ఇక్కడ జవాబు వాస్తుశిల్పం నుంచి రాదు. ఆ ఇంట్లో ఏం జరిగిందన్న దాని నుంచి వస్తుంది. 1942 నుంచి 1944 వరకు అన్నదే ఆ తేదీ.

వెనకింటి విషయంలో ఒట్టో ఫ్రాంక్ తీసుకున్న నిర్ణయం ఇంకా గట్టిది. సామాను తరలించుకుపోయారు కాబట్టి గదులను ఖాళీగానే ఉంచాలన్నాడు. మంచాలు, బల్లలు ఎక్కడెక్కడ ఉండేవో తెలియడానికి 1960ల మొదట్లో చిన్న నమూనాలు చేయించారు. అవి చూపుతారు గానీ గదుల్లో కొత్త మంచం ఒక్కటీ వేయలేదు. పరిరక్షణ పనుల్లో అన్నిటికన్నా కష్టమైనది చేయగలిగి కూడా చేయకుండా ఆగడం. ఖాళీగా ఉండడం వల్ల ఆ గదుల్లో మిగిలిన కొద్దిపాటి గుర్తుల మీదకే చూపు పోతుంది: అన్నే గోడకు అంటించిన సినీతారల బొమ్మలు, నార్మండీ పటం, పిల్లలు ఎదుగుతుంటే పెన్సిల్‌తో గోడకాగితం మీద గీసిన ఎత్తు గీతలు. ఆ రెండేళ్లలో అన్నే 13 సెంటీమీటర్లకు పైగా పెరిగిందని ఆ గీతలు చెబుతాయి. అవి ఇప్పుడు గాజు పలకల కింద ఉన్నాయి.

పెరటి వైపు మాత్రం ఒక లోటు ఏర్పడింది. అటక కిటికీలోంచి అన్నే చూసి రాసిన గుర్రపు చెస్ట్‌నట్ చెట్టు పక్క పెరట్లో ఉండేది. తెగులు పట్టి, ఇనుప ఊతాలతో నిలబెట్టినా, 2010 ఆగస్టు 23న గాలివానకు కూలిపోయింది.

ఇప్పుడు ఏడాదికి పది లక్షలకు పైగా మనుషులు ఆ సన్నటి మెట్లెక్కుతున్నారు. ఒక కుటుంబానికో కొందరు గుమాస్తాలకో కట్టిన కొయ్య మెట్లకు, నేలలకు అది మోయరాని భారం. మనుషుల ఊపిరిలోని తేమ గోడకాగితానికి శత్రువు. అందుకని లోపలికి పోయేవారిని వేళ ప్రకారం కొద్దికొద్దిమందిగా వదులుతారు; బయటికి పోయే దారిని పక్క భవనం గుండా మళ్లించారు. 2018 నవంబరు 22న రాజు విల్లెమ్ అలెగ్జాండర్ చేతుల మీదుగా ముగిసిన తాజా మార్పుల్లో కూడా పని ఎక్కువగా జరిగింది ప్రవేశద్వారంలో, ప్రదర్శన తీరులో. వెనకింటి గదుల జోలికి పోలేదు. యోహాన్ ఫోస్కౌల్ చేసిన బీరువా తన చోటనే, సగం తెరిచి, గాజు కవచంలో ఉంది. దాని వెనక ఆ ఎత్తు గడప దగ్గర సందర్శకులు నేటికీ కాలెత్తి, తల వంచి లోపలికి పోవాలి.